పక్క కుర్చీ

ల్యాబులో సగం సిస్టమ్‌లు పనిచేయవన్న సంగతి అందరూ వచ్చి చేరాకగానీ బయటపడలేదు. ఇద్దరికొకటి చొప్పున సర్దుకోమన్నారు. లావణ్య కిటికీ వైపు నడిచి, అక్కడి కంప్యూటరు ముందున్న కుర్చీలో బ్యాగు పెట్టబోతుండగా, వెనకనుంచి వచ్చిన కుర్రాడొకడు ఆ కుర్చీ లాక్కుని కూర్చుని మౌసు మీద చెయ్యి వేశాడు.

"నువ్వు ఈ పక్కన కూర్చో," అన్నాడు ఇంకో కుర్చీ చూపించి.

ఆ మాటలో పొగరేమీ లేదు. ఆటోలో ముందెక్కినవాడు చివరి సీటు పట్టుకున్నంత మామూలుగా అన్నాడు. లావణ్య పక్క కుర్చీలో కూర్చుని బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది.

అతని పేరు గురుప్రసాద్. అదే కాలేజీలో లెక్చరర్ భానుమూర్తిగారి అబ్బాయి. లావణ్యలాగే ఈ ఏడు సెకండియర్‌లోకి వస్తున్నాడు గానీ సెక్షన్ వేరు. నర్సీపట్నంలోనే ఇల్లు, ఇంట్లో సొంత ల్యాప్‌టాప్. లావణ్య నాతవరం అవతల పల్లెనుంచి షేర్ ఆటోలో రావాలి. క్లాసులు మొదలయ్యే ముందు ఐదు రోజుల పాటు, కంప్యూటరుతో బొమ్మలు గీయించే కోర్సు ఉందనీ, ముందుగా ఏమీ రాకపోయినా ఫరవాలేదనీ నోటీసు బోర్డు మీద చూసి పేరిచ్చింది. ఇంట్లో ఉన్న స్మార్ట్‌ఫోన్ నాన్నది ఒక్కటే. ఆమె దగ్గరున్నది బటన్ల ఫోను. ఫస్టియర్‌లో ల్యాబు తాళం తీసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

పాఠం చెప్పడానికి విశాఖపట్నం నుంచి సంహిత అనే ఆవిడ వచ్చింది. పాతికేళ్ళకు మించి ఉండవు. జుట్టు పైకి చుట్టి పెన్సిలు గుచ్చుకుని, మైకు వద్దని గొంతెత్తే మాట్లాడింది.

"కోడింగ్ అనగానే లెక్కలనుకోకండి. ఇవాళ మనం ఒక్క గుండ్రం గీస్తాం. అంతే."

తెర పైభాగాన ఎడమ మూల సున్నా అని చెప్పింది. కుడివైపు వెళ్ళే కొద్దీ ఒక అంకె పెరుగుతుంది. కిందికి దిగే కొద్దీ రెండో అంకె పెరుగుతుంది. గుండ్రం ఎక్కడుండాలో ఆ రెండంకెలూ చెప్పాలి. ఎంత పెద్దదో మూడో అంకె. బళ్ళో గ్రాఫు కాగితం మీద పైకి పోతే పెరిగే అంకె ఇక్కడ కిందికి పోతే పెరుగుతుందనేసరికి లావణ్యకు నవ్వొచ్చింది. ఆ తిరకాసు ఆమెకు వెంటనే పట్టుబడింది. గురుప్రసాద్ మాత్రం అంకెలు టైపు చేసి, గుండ్రం పైకి పోవాల్సింది కిందికి దిగిపోతుంటే కనుబొమలు ముడిచాడు.

"ఆ రెండోది తగ్గించు," అంది లావణ్య.

తగ్గించాడు. గుండ్రం పైకెళ్ళింది. "ఆఁ, అదే చేయబోతున్నా," అన్నాడు.

మధ్యాహ్నం ల్యాబు ఇన్‌చార్జి అప్పలరాజుగారు తాళాల గుత్తి ఊపుకుంటూ వచ్చాడు. ఏ కంప్యూటరు పాడైనా ఆయన మీదికే వస్తుంది గనక ఆయనకు ఖాళీ ల్యాబే ఇష్టం. "మేడమ్‌గారు మరీ మరీ అడుగుతున్నారు. కోర్సు అయ్యాక కూడా ఈ ఏడంతా సాయంత్రాలు ల్యాబు తీసి ఉంచుతాను. అందరూ ఎగబడితే నా వల్ల కాదు. సిస్టమ్‌కి ఒక్కరే రండి. ఎవరు పని చేస్తే వాళ్ళు." అలా చెబుతూ వరసల మధ్య నడిచి, కిటికీ దగ్గరికొచ్చి గురుప్రసాద్ భుజం మీద తట్టాడు. "ఇక్కడ నువ్వు కదా బాబూ. మీ నాన్నగారు చెప్పారులే."

గురుప్రసాద్ తలూపాడు. అప్పలరాజుగారి చూపు ఖాళీ గోడను దాటినట్టే లావణ్యను దాటిపోయింది.

ఏడాది పొడుగునా సాయంత్రాలు ల్యాబు! ఆ మాట వినగానే లావణ్య గుండెలో ఏదో వెలిగి, అంతలోనే చల్లారిపోయింది. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాడికి ల్యాబెందుకు అనుకుంది.

మర్నాడూ ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. బొమ్మను కదిలించడం నేర్చుకున్నారు. అసలు బొమ్మ కదలదనీ, కంప్యూటరు రెప్పపాటులో పాతది చెరిపేసి కాస్త పక్కన కొత్తది గీస్తుందనీ సంహిత చెప్పినప్పుడు లావణ్య ఊపిరి బిగబట్టి వింది. గురుప్రసాద్ వేళ్ళు మాత్రం చకచకా నడుస్తున్నాయి. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దించేస్తున్నాడు. మధ్యలో ఆగినప్పుడు లావణ్య మెల్లిగా చెప్పేది. "అక్కడ బ్రాకెట్ మూయలేదు." "ఆ లైను పైకి రావాలి." అతను అడిగేవాడు కాదు. చెప్తే టైపు కొట్టేవాడు.

ఒకసారి ఉండబట్టలేక, "కొంచెంసేపు నేను చేస్తాను," అంది.

"ఇది అయిపోనీ," అన్నాడు. అది అయ్యాక ఇంకోటి మొదలైంది.

మూడోనాడు లావణ్యకు ఒక ఆలోచన వచ్చింది. పాతదాన్ని చెరిపే లైను తీసేస్తే ఏమవుతుంది? గుండ్రం వెళ్ళినచోటల్లా మరక మిగలాలి కదా. అదే మాట గురుప్రసాద్‌తో అంది. అతను సందేహిస్తూనే తీసేశాడు. మౌసు కదిపితే గుండ్రాలు ఒకదాని వెనక ఒకటి తెర మీద పరుచుకున్నాయి. "సైజు ఒక్కలాగ వద్దు. దాని ఇష్టం దానికి వదిలెయ్. రాండమ్ అని మేడమ్ చెప్పారుగా," అంది. ఆ తర్వాత రంగు కూడా చెప్పింది. కనకాంబరం రంగు. అంకెలు మార్చి మార్చి చూసి ఆ రంగు పట్టుకున్నారు. నల్లటి తెర మీద కనకాంబరాల దండ ఎవరో జారవిడిచినట్టు వంపులు తిరిగింది.

అటుగా వెళ్తున్న సంహిత ఆగిపోయింది. "అబ్బ! గురుప్రసాద్, చాలా బాగుంది! చెరిపే లైను తీసేశావా? అందరూ ఇటు చూడండి." ఆ బొమ్మను ప్రొజెక్టరు మీదికి ఎక్కించింది. ల్యాబంతా చప్పట్లు కొట్టింది.

లావణ్య గురుప్రసాద్ వైపు చూసింది. ఇప్పుడు చెబుతాడనుకుంది. అతను ఒకసారి ఆమె వైపు తిరిగాడు కూడా. మళ్ళీ తెర వైపు తిరిగి, "థాంక్యూ మేడమ్," అన్నాడు.

చప్పట్లు కొట్టడానికి లావణ్య కూడా చేతులెత్తింది. కొట్టింది. ఎందుకు కొట్టిందో ఆమెకే తెలియలేదు.

ఆటో దిగి ఇంటికి పోకుండా తిన్నగా పొలానికే వెళ్ళింది. తాండవ కాలవకు నీళ్ళు వదిలారు. ఎగువనున్న మడికి తడి అందింది. తల్లి అచ్చియమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని గట్టు మీద నిలబడి ఉంది.

"ఒలే, ఒచ్చేవా! ఆ పార అందుకో, బేగి! ఆ గండి తియ్యి!"

లావణ్య చెప్పులు విడిచి, ప్యాంటు మడుచుకుని బురదలోకి దిగింది. రెండు పారల మట్టి తీసేసరికి నీళ్ళు గలగలమని కింది మడిలోకి తోసుకొచ్చాయి. ఎండిన మట్టి ముందు నల్లబడింది, ఆ తర్వాత మెత్తబడింది, ఆపైన మెరిసింది. నీళ్ళు ఒక మూల తడిపి, కాసేపు ఆలోచించుకుంటున్నట్టు ఆగి, ఇంకో మూలకు పాకాయి.

"ఏటే, మొకం అలా ఏలాడేసేవు?" అంది అచ్చియమ్మ.

"ఏటీ నేదు."

"ఏటీ నేకుంటే ఇలగుంటాదేటి? సెప్పు."

లావణ్య పార మీద బరువానించి చెప్పింది. "నాను సెప్పిందే అతను సేసేడమ్మా. అందరూ అతన్నే మెచ్చుకున్నారు. తప్పట్లు కొట్టేరు."

"మరి అది నాదీ అని నువ్వన్నేదా?"

"ఎలాగంటాను? మెసీను అతని సేతిలో ఉంది."

"నోరు నీదే కదేటి?" అంటూనే అచ్చియమ్మ కింది గట్టు వైపు చూసి కేకేసింది. "ఒసే, మాటల్లో ఎట్టీసేవు! పక్కోలి సేలోకి పోతన్నాయి నీల్లు! మట్టెయ్, మట్టెయ్!"

ఇద్దరూ పరుగెత్తి గండి పూడ్చారు. ఆ సంగతి మళ్ళీ మాట్లాడుకోలేదు. లావణ్య మాత్రం చీకటిపడేదాకా అక్కడే నిలబడి, ఒక మడి నిండి ఇంకో మడిలోకి నీళ్ళు దిగడం చూసింది. ఒక్కో మడీ ఒక చదరం. ఒక వరస, దాని కింద ఇంకో వరస.

మర్నాడు గురుప్రసాద్ రాలేదు. జ్వరమని కబురు పంపాడట.

లావణ్య కాసేపు పక్క కుర్చీలోనే కూర్చుంది. తర్వాత లేచి, చుట్టూ చూసి, కంప్యూటరు ముందున్న కుర్చీలోకి మారింది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ చూడను కూడా లేదు. సంతోషంతో చెంపలు వేడెక్కాయి. ఇప్పుడు చూసుకో అనుకుంది. ఎదురుగా తెల్లటి పేజీ. కీబోర్డు మీద చేతులు పెట్టింది.

చేతులు కదలలేదు.

మొదటి లైను ఏమిటో ఆమెకు కంఠతా వచ్చు. అందులో మీసంలాంటి బ్రాకెట్ ఒకటి ఉండాలి. అది ఏ మీట మీద ఉందో తెలియదు. వెతగ్గా వెతగ్గా దొరికింది. నొక్కితే ఇంకేదో పడింది. చెరపబోతే రాసిందంతా పోయింది. మళ్ళీ రాసింది. ప్రోగ్రాము ఆడించి చూస్తే తెర తెల్లగానే ఉంది, అడుగున ఎర్రటి అక్షరాలు. ఇంకోసారి రాసింది. మళ్ళీ ఎరుపే. మూడు రోజులుగా అంతా తెలుసనుకుంది. తెలిసిందంతా తలలోనే ఉంది. వేళ్ళకు ఒక్క ముక్కా దిగలేదు. ఒకవేళ మొదటినుంచీ అతనికే వచ్చా? తాను పక్కన కూర్చుని ఊరికే వాగిందా? బ్యాగు తీసుకుని ఆటో స్టాండుకు పోదామా అన్నంత దిగులు కమ్మింది.

"ఏమైంది?"

సంహిత పక్కన నిలబడి ఉంది. లావణ్య గబుక్కున లేవబోయింది.

"కూర్చో కూర్చో. ఏం రావట్లేదు?"

"అన్నీ తెలుసండి. గానీ... చెయ్యి రావట్లేదు."

సంహిత నవ్వలేదు. ఖాళీగా ఉన్న పక్క కుర్చీని చూసింది. అప్పుడే ఆమెకు ఏదో తట్టినట్టుంది. "ఇన్నాళ్ళూ నువ్వు కీబోర్డు ముట్టుకోలేదా?"

లావణ్య తల అడ్డంగా ఊపింది.

"మరి నిన్న ప్రొజెక్టర్ మీద వేసిన దండ?"

"నేను చెప్పానండి. అతను టైపు కొట్టాడు." మొదటిసారిగా బయటి మనిషి దగ్గర ఆ మాట అంది. అనేశాక ఏమీ కూలిపోలేదు.

సంహిత కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేను నిలబడ్డ చోటునుంచి ఎవరి వేళ్ళు కదుల్తున్నాయో అదే కనబడింది. అడగాల్సింది. అడగలేదు," అంది. ఆ తర్వాత రెండు చేతులూ వీపు వెనక పెట్టేసుకుంది. "ఇవాళ నేను కూడా ముట్టుకోను. నువ్వే చెయ్యి. ఎర్ర అక్షరాలు తిట్లు కావు, ఎన్నో లైనులో తప్పుందో చెప్తాయి. చదువు. ఎన్నిసార్లు తప్పు చేసినా ఇది పాడవదు."

"అప్పలరాజుగారు—"

"ఆయనకు నేను చెప్తాను."

లావణ్య ఎర్ర అక్షరాలు కూడబలుక్కుని చదివింది. రెండో లైను. బ్రాకెట్ ఒకటి తెరిచి వదిలేసింది. మూసింది. ఆడించింది. తెర మీద మట్టిరంగు చదరం ఒకటి బుద్ధిగా నిలబడింది.

సంహిత లేచి వెళ్ళిపోయింది. లావణ్య అది గమనించలేదు.

ఒక చదరాన్ని వరస చేయాలి. అదే పనిని పదేపదే చేయించే లైను ఉంది. దాన్ని పదిసార్లు చేయమని రాసింది. తెర మీద ఒక్కటే చదరం! బాగా చూసి చూసి, పది చదరాలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయని కనిపెట్టింది. గీసిన ప్రతిసారీ పక్కకు జరగమని చెప్పాలి. చెప్పింది. జరిగాయి. వరస వచ్చింది. వరసల కింద వరసలు రావడానికి ఇంకో రెండు తప్పులు పట్టాయి. ఇక నీళ్ళు. ఒక లెక్క పెట్టుకుంది. అది క్షణక్షణానికీ పెరుగుతుంది. ఆ లెక్కలోపు మడులకు నీటి రంగు, మిగతావాటికి మట్టి రంగు. ఆడించింది.

చేనంతా ముందే నిండిపోయి ఉంది. చూస్తుండగా ఒక్కో మడీ ఎండిపోవడం మొదలైంది.

"ఏటిది!" అని గట్టిగా అరిచేసింది. ల్యాబులో అడుగుపెట్టినప్పటినుంచి జాగ్రత్తగా వెనక్కి నెట్టి ఉంచుకున్న ఇంటి యాస అలా బయటికి దూకింది. వెనక బెంచీలోని మణి అనే అమ్మాయి తొంగిచూసి, "ఏటి, నీ సేను ఎండిపోతందేటి?" అని పకపకా నవ్వింది. లావణ్యకూ నవ్వాగలేదు. తక్కువ అనాల్సిన చోట ఎక్కువ గుర్తు పెట్టింది, అంతే. తిప్పింది.

నీళ్ళు వచ్చాయి. పై వరస మొదటి మడిలో పడి, రెండో మడిలోకి దిగి, అలా అలా. కానీ మరీ గడియారంలా నడుస్తున్నాయి. నీళ్ళు అలా నడవవు. మధ్యలో ఆగనిచ్చింది. ఎంతసేపు ఆగాలో వాటికే వదిలేసింది. ఇప్పుడు బాగుంది. నిన్న సాయంత్రం గట్టు మీద నిలబడి చూసినట్టే ఉంది.

అన్నం తినలేదని అప్పలరాజుగారు తాళాలు మోగించినప్పుడు గానీ గుర్తురాలేదు.

మర్నాడు, చివరి రోజు, ఎవరి పని వాళ్ళు చూపించాలి. లెక్చరర్లూ, ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులూ వస్తారన్నారు. లావణ్య అందరికంటే ముందు వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంది. గురుప్రసాద్ వస్తే ఏమనాలో ఆటోలో దారిపొడుగునా అనుకుంది. లేవమంటే లేవకూడదు. గొడవైతే అవనీ.

గురుప్రసాద్ వచ్చాడు. ఆమెను ఆ కుర్చీలో చూసి ఒక్క క్షణం నిలబడ్డాడు. పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"జ్వరం తగ్గింది," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"మొన్న మేడమ్ మెచ్చుకున్నప్పుడు నా పేరు చెప్పలేదేం?" అంది లావణ్య.

అతను బల్ల అంచు గోకుతూ కూర్చున్నాడు. "చెబుదామనే అనుకున్నా. అప్పటికే అందరూ చప్పట్లు కొట్టేశారు."

"అది నాది."

"అవును," అన్నాడు. "నీదే."

గొడవకు కూడదీసుకున్న మాటలన్నీ లావణ్య నోట్లోనే ఉండిపోయాయి. వాటితో ఇక పని లేదు. వింతగా, కోపం కూడా వాటితోపాటే మెత్తబడింది.

అందరూ వచ్చారు. కిటికీ దగ్గరికి వచ్చేసరికి ముందు సంహిత, ఆ వెనక అప్పలరాజుగారు, ఆయనతో మాట్లాడుతూ భానుమూర్తిగారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఫస్టియర్‌లో ఆయన పాఠం వినని పిల్లలు లేరు.

"ఈ సిస్టమ్‌కి మీవాడే కదండీ?" అన్నాడు అప్పలరాజుగారు. "సోమవారం నుంచి సాయంత్రాలు రమ్మన్నాను."

"వస్తాడండీ. నేనే పంపిస్తాను. ఇంట్లో అయితే ల్యాప్‌టాప్ ముందు కూర్చోడు. ఇక్కడైతే క్రమశిక్షణ ఉంటుంది," అన్నారు భానుమూర్తిగారు.

సంహిత ఏదో అనబోయి లావణ్య ముఖం చూసి ఆగింది. లావణ్య లేచి నిలబడింది. బల్ల పట్టుకుంది.

"సార్, నేను వస్తానండీ. ఎవరు పని చేస్తే వాళ్ళు రావచ్చన్నారు. ఇది నేను చేసిందండీ." వేలితో మీట నొక్కింది. ఎండిన చేను మీదికి నీళ్ళు దిగాయి. "మొన్నటి కనకాంబరాల దండ కూడా నాదేనండీ. నేను చెప్పాను, ఇతను టైపు చేశాడు."

అప్పలరాజుగారు భానుమూర్తిగారి వైపు చూశాడు. భానుమూర్తిగారు కొడుకు వైపు చూశారు. ఇప్పుడు గురుప్రసాద్ కాదంటాడు అనుకుంది లావణ్య. తండ్రి ముందు కాదనక ఏం చేస్తాడు?

"నిజమే నాన్నా," అన్నాడు గురుప్రసాద్. "నేను రాను. నాకిది అర్థం కావట్లేదు." ఆ మాట అనేసి ఊపిరి వదిలాడు. మోసి మోసి తెచ్చిన బస్తా దింపినవాడిలా, పక్కనున్న లావణ్యకు వినబడేంత పొడుగ్గా వదిలాడు.

"అర్థం కాకపోతే అడగొచ్చు కదరా?"

"అడిగితే, భానుమూర్తిగారి అబ్బాయికి కూడా రాదా అంటారు. అందుకే మౌసు వదల్లేదు. వదిలితే రాదని తెలిసిపోతుంది." తల దించుకున్నాడు. "నిన్న జ్వరమూ లేదు. ఒక్కణ్ణే చేసి చూపించమంటారేమోనని రాలేదు."

లావణ్య అతని వైపు తిరిగి చూసింది. ఇన్ని రోజులూ తన దగ్గర్నుంచి ఏదో లాక్కుని దాచుకుంటున్నాడనుకుంది. నిజానికి దాన్ని ఎవరి చేతిలో పెట్టి పారిపోదామా అని చూస్తున్నాడు!

భానుమూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తిడతారనుకున్నారందరూ. ఆయన కొడుకు తల మీద చెయ్యి వేసి, "జ్వరమని మీ అమ్మ పెసరకట్టు కాచి పెట్టిందిరా," అన్నారు. "అదీ తాగేశావు."

మణి కిసుక్కున నవ్వింది. గురుప్రసాద్ కూడా నవ్వాడు. నవ్వు ఆ బల్లనుంచి ఈ బల్లకు పాకింది.

"మరైతే సోమవారం నువ్వు రా అమ్మా," అన్నాడు అప్పలరాజుగారు, ఇప్పుడు లావణ్య ముఖంలోకే చూస్తూ. "పేరేటన్నావు?"

"లావణ్యండీ."

"లావణ్య. నేను తాళం వేసే వేళకు లేవాలి మరి. ఒకటే మాట."

"లేస్తానండీ."

సంహిత దూరంగా నిలబడి జుట్టులోంచి పెన్సిలు లాగి మళ్ళీ గుచ్చుకుంది. ఆవిడ కళ్ళు నవ్వుతున్నాయి.

గేటు దగ్గర గురుప్రసాద్ కలిశాడు. ఈల వేసుకుంటున్నాడు. "నాన్న ఏమీ అనలేదు," అన్నాడు, తనకే నమ్మకం లేనట్టు. "మొన్నటిదానికి సారీ."

"సర్లే," అంది లావణ్య. సరే అనడానికి తగినంత తేలిగ్గానే ఉంది ఆమెకు.

షేర్ ఆటో నాతవరం రోడ్డెక్కేసరికి ఇంకా పొద్దుంది. చెరుకు తోటల మీదినుంచి వచ్చే గాలి ముఖానికి కొడుతోంది. ఒక ఊరు దాటిందో లేదో లావణ్య కళ్ళు మూతపడ్డాయి. పక్కనున్న ముసలమ్మ భుజం మీద తల వాల్చి, నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నపిల్లలా నిద్రపోయింది. కుదుపులు గానీ, ఎక్కేవాళ్ళ దిగేవాళ్ళ సందడి గానీ ఆమెను లేపలేదు.

నాతవరంలో ముసలమ్మే తట్టి లేపింది. "ఒలమ్మా, దిగాల. ఏటే, అంత నిద్ర! ఏటి సేసొచ్చేవేటి?"

లావణ్య కళ్ళు నులుముకుని, బ్యాగు భుజాన వేసుకుంది.

"పని సేసొచ్చేనమ్మా," అంది.